కార్డు మీద 'ఓ' అని ఉన్నంత మాత్రాన సరిపోదు



ఈ సంచికలో మీతో ఒక చక్కెర గురించి మాట్లాడాలనుకుంటున్నాను. షుగర్ వ్యాధి అనుకుని పేజీ తిప్పేయకండి. ఇది టీలో వేసుకునే పంచదార కాదు. మనలో ప్రతి ఒక్కరి ఒంట్లో, కణకణం మీద ఉండే ఒక చిన్న చక్కెర. దాని పేరు ఫ్యూకోజ్. ముప్ఫై ఏళ్ళకు పైగా నర్సింగ్ చేసిన నాకు దీని పేరు శిక్షణలో విన్నట్టు గుర్తు లేదు. ఒక తల్లి వల్ల నేర్చుకోవలసి వచ్చింది. ఆమె గుర్తుపట్టే వివరాలు మార్చి, ఆమె అనుమతితోనే రాస్తున్నాను.

ఆ అమ్మాయి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేసేది. భర్తది గచ్చిబౌలిలో ఉద్యోగం. ఇద్దరిదీ కోస్తా ప్రాంతం. మొదటి కాన్పు. తొమ్మిదో నెలలో మన దగ్గరకు వచ్చేసరికి హిమోగ్లోబిన్ 7.4 ఉంది. బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నాడు. పెద్దాపరేషన్ తప్పదని డాక్టరమ్మ చెప్పారు. రెండు యూనిట్ల రక్తం సిద్ధం చేయమన్నారు. ఆ అమ్మాయి పర్సులోంచి ఒక కార్డు తీసి ఇచ్చింది. ఆఫీసులో ఎప్పుడో జరిగిన ఆరోగ్య శిబిరంలో వేలి కొసన చుక్క రక్తం తీసి పరీక్షించి ఇచ్చిన కార్డు. దాని మీద 'ఓ పాజిటివ్' అని ఉంది.

"ఓ పాజిటివ్ అయితే చాలా సులువు సిస్టర్, మా ఆఫీసులోనే యాభై మంది ఉంటారు" అన్నాడు భర్త. నిజమే, మన దేశంలో ఓ గ్రూపు వారికి కొదవ లేదు. కానీ గంటన్నర తర్వాత ల్యాబు నుంచి ఫోను వచ్చింది. ఓ పాజిటివ్ సంచులు నాలుగింటితో క్రాస్ మ్యాచ్ చేశారు. నాలుగూ ముద్దలు కట్టాయి. ఓ నెగటివ్ కూడా పెట్టి చూశారు. అదీ ముద్ద కట్టింది.

మా టెక్నీషియన్ అనుభవం ఉన్న మనిషి. కంగారు పడలేదు. రక్తనమూనాను పెద్ద బ్లడ్ బ్యాంకుకు పంపించాడు. మర్నాడు జవాబు వచ్చింది. ఆ అమ్మాయిది ఓ గ్రూపు కాదు. బాంబే గ్రూపు.

బాంబే గ్రూపు అంటే ఏమిటి?

1952లో బొంబాయిలో డాక్టర్ వై.ఎం. భెండే, ఆయన సహచరులు ముగ్గురి రక్తంలో ఒక వింతను గమనించి, లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రకటించారు. ఆ రక్తం పైకి ఓ గ్రూపులాగే కనిపించింది. కానీ ఓ గ్రూపు రక్తంతో కూడా పడలేదు. ఆ నగరం పేరే ఆ గ్రూపుకు వచ్చింది. నగరం పేరు 1995లో ముంబైగా మారినా రక్తం పేరు మాత్రం బాంబేగానే ఉండిపోయింది.

పేరు చూసి ఇది మహారాష్ట్ర వారికే వస్తుందనుకోవద్దు. మన దేశంలో దాదాపు పదివేల మందిలో ఒకరికి ఉంటుందని సాధారణంగా చెప్పే లెక్క. యూరప్‌లో పది లక్షల మందిలో ఒకరికి ఉండటమే అరుదు. అంటే ఇది ఎక్కువగా మన ప్రాంతపు మాట. సముద్రం దాటి నేటాల్‌కు, రీయూనియన్ దీవికి కూలిపనికి వెళ్ళిన భారతీయుల సంతతిలో కూడా దీన్ని గుర్తించారు. నేటాల్‌కు వెళ్ళిన ఓడల్లో మన తెలుగు కోస్తా జిల్లాల వారూ ఉన్నారు. మనిషి ఎక్కడికి వెళితే రక్తమూ అక్కడికే వెళుతుంది కదా.

ఇక ఆ చక్కెర దగ్గరకు వద్దాం.

మన ఎర్ర రక్తకణాల పైన సన్నటి గొలుసులు వేలాడుతూ ఉంటాయి. అవి రకరకాల చక్కెరలు ఒకదానికొకటి అతుక్కుని తయారైన గొలుసులు. గొలుసు చివర గెలాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. పాలలో ఉండే చక్కెరలో సగం ఇదే. ఆ గెలాక్టోజ్‌కు పక్కన ఒక ఫ్యూకోజ్ వచ్చి అతుక్కుంటుంది. అప్పుడు ఆ చివరి భాగాన్ని 'హెచ్' అంటారు. ఈ హెచ్ పునాదిలాంటిది. ఏ గ్రూపు వారికి దాని మీద ఇంకొక రకం చక్కెర చేరుతుంది. బి గ్రూపు వారికి ఇంకొక గెలాక్టోజ్ చేరుతుంది. ఏబీ వారికి కొన్ని గొలుసులకు అది, కొన్నింటికి ఇది. ఓ గ్రూపు వారికి ఏదీ చేరదు. ఉత్త పునాది, అంటే హెచ్ మాత్రమే మిగులుతుంది.

కాబట్టి ఓ గ్రూపు అంటే సున్నా అని చాలామంది అనుకుంటారు గానీ అది నిజంగా సున్నా కాదు. ఓ గ్రూపు కణం మీద ఫ్యూకోజ్ నిండుగా ఉంటుంది. బాంబే గ్రూపు వారికి ఆ ఫ్యూకోజ్‌ను అక్కడ అతికించే ఎంజైమే తయారు కాదు. పునాదే లేదు. పునాది లేనప్పుడు ఏ జన్యువు ఉన్నా, బి జన్యువు ఉన్నా, పైఅంతస్తు లేవదు. అందుకే మామూలు పరీక్షలో ఏ లేదు, బి లేదు, కాబట్టి 'ఓ' అని రాసేస్తారు.

ప్రమాదం ఎక్కడుందంటే, మన శరీరం తన దగ్గర లేని గుర్తును పరాయిదిగా చూస్తుంది. ఏ గ్రూపు వారి రక్తంలో బి మీద దాడి చేసే యాంటీబాడీలు పుట్టుక నుంచే క్రమంగా తయారవుతాయి. అలాగే బాంబే గ్రూపు వారి రక్తంలో ఏ మీద, బి మీద, వాటితో పాటు హెచ్ మీద కూడా బలమైన యాంటీబాడీలు ఉంటాయి. ఓ గ్రూపు రక్తం ఎక్కిస్తే అందులోని హెచ్ మీద అవి పడతాయి. ఎక్కించిన కణాలు పగిలిపోతాయి. చలి, వణుకు, నడుం నొప్పి, ఎర్రటి మూత్రం, మూత్రపిండాలు దెబ్బతినడం, చివరకు ప్రాణానికే ముప్పు. ఏ గ్రూపుకైనా ఇవ్వవచ్చని మనం చెప్పుకునే ఓ నెగటివ్ కూడా వీరికి విషమే. వీరికి బాంబే గ్రూపు వారి రక్తమే ఎక్కించాలి. అందులోనూ పాజిటివ్, నెగటివ్ వేరే చూడాలి.

ఈల్ చేప చెప్పిన రహస్యం

అంత చిన్న చక్కెర వల్లే ఇదంతా అని ఎలా తెలిసిందని మీరు అడగవచ్చు. లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో వాల్టర్ మోర్గాన్, విన్‌ఫ్రెడ్ వాట్కిన్స్ అనే ఇద్దరు దీని మీద పనిచేశారు. ఈల్ అనే పాములాంటి చేప సీరం కలిపితే ఓ గ్రూపు కణాలు ముద్దలు కడతాయి. ముందుగా ఆ సీరంలో ఒక్కొక్క చక్కెరనూ కలిపి చూశారు. ఫ్యూకోజ్ కలిపినప్పుడు సీరం శక్తి పోయింది. అంటే ఆ సీరం వెతుకుతున్నది ఫ్యూకోజ్‌నే, ముందే దొరికింది కాబట్టి కణాలను వదిలేసింది. ఈ సంగతి వారు ప్రకటించింది కూడా 1952లోనే. భెండే గారి లాన్సెట్ వ్యాసంలో సహరచయితలుగా వీరిద్దరి పేర్లూ ఉన్నాయి. బొంబాయిలో దొరికిన రక్తానికీ, లండన్‌లో దొరికిన చక్కెరకూ అలా ముడిపడింది.

ఫ్యూకోజ్‌కు ఆ పేరు ఫ్యూకస్ అనే సముద్రపు నాచు నుంచి వచ్చింది. గెలాక్టోజ్‌కు చాలా దగ్గరి బంధువు. దానికంటే ఒక్క ఆక్సిజన్ పరమాణువు తక్కువ, అంతే. కానీ మన ఒంట్లోని చక్కెరలు దాదాపు అన్నీ కుడివాటం అయితే ఇది ఎడమవాటం. కుడికాలి చెప్పు, ఎడమకాలి చెప్పు ఒకేలా కనిపించినా ఒకదాని చోట ఒకటి పట్టవు కదా, అలాగన్నమాట.

రక్తపరీక్షల్లో చేపలే కాదు, మన వంటింటి గింజలూ ఉన్నాయి. మనం చారు కాచుకునే ఉలవల సారం ఏ గ్రూపులోని ప్రధాన రకాన్ని గుర్తుపడుతుందని 1951లో జి.డబ్ల్యు.జి. బర్డ్ అనే ఆయన మన దేశపు పత్రిక కరెంట్ సైన్స్‌లో ప్రకటించారు. నేటికీ బ్లడ్ బ్యాంకుల్లో ఉలవల నుంచి తీసిన ఆ పదార్థాన్ని వాడుతున్నారు. అలాగే యులెక్స్ అనే ముళ్ళపొద గింజల సారం హెచ్‌ను గుర్తుపడుతుంది. ఆ అమ్మాయి కణాలకు ఈ యులెక్స్ సారం కలిపారు. ఓ గ్రూపు అయితే క్షణాల్లో ముద్దలు కట్టాలి. ఆమె కణాలు కదలకుండా విడివిడిగా ఉండిపోయాయి. అలా తేలింది.

రక్తం దొరికింది, కానీ

ఆమెకు విశాఖపట్నంలో ఒక తమ్ముడు ఉన్నాడు. వారి అమ్మానాన్నలది మేనమామ సంబంధం. తమ్ముడికి కూడా 'ఓ పాజిటివ్' కార్డే ఉంది. రాత్రి బస్సు ఎక్కి ఉదయానికి వచ్చాడు. పరీక్ష చేస్తే అతనిదీ బాంబే గ్రూపే. ఆ కుర్రవాడు ఇరవై నాలుగేళ్ళ పాటు తనది ఓ గ్రూపు అనుకుని బైకు మీద తిరిగాడు. దారిలో ఏదైనా జరిగి ఉంటే అన్న మాట నేను అతనితో అనలేదు. అతనే అన్నాడు.

దగ్గరి రక్తసంబంధీకుల రక్తాన్ని నేరుగా ఎక్కించకూడదు. అందులోని తెల్లకణాలు రోగి ఒంట్లో నాటుకుని హాని చేసే ప్రమాదం ఉంది. అందుకని ఆ సంచికి రేడియేషన్ ఇప్పించి తెచ్చారు. ఈలోగా సెలైన్ ద్వారా ఐరన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆపరేషన్ క్షేమంగా జరిగింది. మగబిడ్డ.

కథ ఇక్కడితో అయిపోతే ఈ వ్యాసం రాసేదాన్ని కాదేమో.

బిడ్డ గ్రూపు చూశారు. బి పాజిటివ్. తండ్రిది ఓ పాజిటివ్. తల్లి కార్డు మీదా ఓ పాజిటివ్ అనే ఉంది. వార్డులో డ్యూటీలో ఉన్న మా చిన్న నర్సు ఒకామె కేసు షీటు చూసి "ఓకీ, ఓకీ బి ఎలా పుడతాడు?" అని పైకే అనేసింది. ఆమె దురుద్దేశంతో అనలేదు. మాకు చదువులో నేర్పింది అదే. కానీ ఆ మాట అక్కడే ఉన్న అత్తగారి చెవిన పడింది.

సాయంత్రం రౌండ్లకు వెళ్ళేసరికి ఆ గదిలో గాలి మారిపోయింది. అత్తగారు బిడ్డను ఎత్తుకోలేదు. భర్త కిటికీ దగ్గర నిలబడి ఫోనులో ఏదో వెతుకుతున్నాడు. ఆ పిల్ల మాత్రం గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కుట్ల నొప్పి అనుకున్నాను. దగ్గరకు వెళితే కళ్ళు వాచి ఉన్నాయి. "సిస్టరమ్మా, మీరు పెద్దవారు. ఒక్క మాట అడుగుతాను, దాచకుండా చెప్పండి" అని అత్తగారు నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు. ఏమడిగారో నేను రాయనక్కర్లేదు.

నేను ఆవిడను మళ్ళీ గదిలోకి తీసుకొచ్చి, అందరి ముందూ చెప్పాను. నలుగురిలో పుట్టిన అనుమానం నలుగురిలోనే తీరాలి. కాగితం మీద గొలుసు బొమ్మ వేసి చూపించాను. "అమ్మా, మీ కోడలికి బి జన్యువు ఉంది. ఆమె నాన్నదో అమ్మదో. కానీ పునాది చక్కెర అతికే శక్తి ఆమెకు లేదు కాబట్టి ఆ బి ఆమె రక్తంలో బయటపడలేదు. మీ అబ్బాయి దగ్గర నుంచి బిడ్డకు ఆ శక్తి వచ్చింది. పునాది పడింది, తల్లి ఇచ్చిన బి పైకి లేచింది. ఈ పిల్లవాడు బి గ్రూపు అవ్వడానికి మీ అబ్బాయి అవసరమయ్యాడు" అని చెప్పాను. మర్నాడు డాక్టరుగారు మళ్ళీ వివరంగా చెప్పారు. ఇది మేము కల్పించిన ఊరడింపు కాదు. తల్లిలో దాగి ఉన్న బి జన్యువు ఇలా బిడ్డలో బయటపడుతుందని 1955లోనే ఫిలిప్ లెవిన్, ఆయన తోటివారు అమెరికాలో ప్రకటించారు.

అత్తగారు బిడ్డను ఎత్తుకున్నారు. ఆ అమ్మాయి మాత్రం డిశ్చార్జి అయ్యే వరకు అత్తగారితో మాట్లాడలేదు. ఆ మౌనానికి మందు మా దగ్గర లేదు. ఒక సరైన రిపోర్టు ముందే ఉండి ఉంటే ఆ గాయమే తగిలేది కాదు.

ఇక నా అభిప్రాయం చెబుతాను.

మొదటిది. వేలి కొస చుక్కతో, స్లైడు మీద చేసి ఇచ్చే కార్డు గ్రూపును సూచించే కాగితమే గానీ, దాని మీద ప్రాణం పెట్టదగ్గ కాగితం కాదు. సరైన గ్రూపింగులో రెండు భాగాలు ఉంటాయి. మీ కణాల మీద ఏముందో చూడటం ఒకటి. మీ సీరంలో ఏ యాంటీబాడీలు ఉన్నాయో చూడటం రెండోది. రెండో పరీక్షలో తెలిసిన ఏ కణాలు, బి కణాలు, ఓ కణాలు మీ సీరంతో కలుపుతారు. నిజమైన ఓ గ్రూపు వారి సీరం ఓ కణాలను ఏమీ చేయదు. బాంబే వారి సీరం వాటిని కూడా ముద్ద కట్టిస్తుంది. పట్టుబడేది అక్కడే. బ్లడ్ బ్యాంకులో ఈ రెండూ చేస్తారు. శిబిరాల్లో చాలాసార్లు మొదటిదే చేస్తారు. మీరు కార్డు తీసుకునేటప్పుడు "సీరం పరీక్ష కూడా చేశారా?" అని ఒక్క మాట అడగండి. పసిపిల్లలకు మాత్రం నాలుగైదు నెలల వరకు సొంత యాంటీబాడీలు తయారు కావు కాబట్టి వారికి ఈ రెండో పరీక్ష పనికిరాదు. పెద్దయ్యాక మళ్ళీ చేయించాలి.

దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. పదివేలలో ఒకరి కోసం అందరికీ పరీక్ష ఎందుకు, ఎలాగూ ఎక్కించే ముందు క్రాస్ మ్యాచ్‌లో తెలిసిపోతుంది కదా అంటారు. నిజమే, తెలిసిపోతుంది. మన ఆసుపత్రిలో తెలిసింది కూడా అలాగే. కానీ మాకు నాలుగు రోజుల సమయం ఉంది. అదే అమ్మాయి అర్ధరాత్రి రక్తస్రావంతో వచ్చి ఉంటే? అవుటర్ రింగు రోడ్డు మీద ప్రమాదంలో వచ్చి ఉంటే? అప్పుడు తెలిసేది 'ఏ రక్తమూ పడదు' అన్న సంగతి మాత్రమే. పడే రక్తం ఎక్కడుందో వెతకడానికి సమయం ఉండదు. సీరం పరీక్షకు కావలసింది కొన్ని చుక్కలు, కొన్ని నిమిషాలు. ఖరీదైన యులెక్స్ పరీక్ష అందరికీ చేయమని నేను అనడం లేదు. ఓ కణాలు ముద్ద కట్టినవారికి మాత్రమే అది చేస్తారు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఈ చుట్టుపక్కల బండరాళ్ళే ఎక్కువ. ఇవాళ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల్లో లక్షల మంది పనిచేస్తున్నారు. పదివేలకు ఒకరి లెక్కన ప్రతి లక్ష మందిలో పది మంది బాంబే గ్రూపు వారు ఉండాలి. వారిలో ఎంతమంది మెడలోని ఐడీ కార్డు మీద 'ఓ పాజిటివ్' అని అచ్చువేసి ఉందో ఆలోచించండి. కంపెనీలు శిబిరాలు పెట్టడం మంచి పని. ఆ మంచి పనికి ఈ ఒక్క పరీక్ష కూడా జోడించమని ఆయా సంస్థల్లో పనిచేసే మన సంఘ యువతీయువకులు అడగాలని నా కోరిక.

రెండోది. ఒకరికి బాంబే గ్రూపు అని తేలితే తోబుట్టువులందరికీ పరీక్ష చేయించండి. ఈ లక్షణం బయటపడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు పనిచేయని జన్యువులు రావాలి. అమ్మానాన్నలిద్దరిలో ఒక్కొక్కటి దాగి ఉంటే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. కాబట్టి ఊరంతా వెతికేకంటే సొంత అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ముల్లో దొరికే అవకాశమే ఎక్కువ. అక్క డల్లాస్‌లో ఉన్నా, తమ్ముడు దుబాయ్‌లో ఉన్నా చెప్పండి. వారికి అక్కడ ప్రమాదం జరిగితే అక్కడి ఆసుపత్రి వారు ఈ రక్తం జీవితంలో చూసి ఉండకపోవచ్చు.

మేనరికాల మాట ఎత్తకుండా ఉండలేను. మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. బావామరదళ్ళకు ఎనిమిదో వంతు. దాగి ఉన్న లోపం రెండువైపుల నుంచీ ఒకే బిడ్డకు చేరే అవకాశం అందుకే పెరుగుతుంది. మన కుటుంబాల్లో, విశ్వాస కుటుంబాల్లో కూడా, ఇవి జరుగుతూనే ఉన్నాయి. జరిగిపోయిన పెళ్ళిళ్ళను తప్పుపట్టడానికి కాదు చెప్పేది. మేనరికపు సంతానమైతే ఈ పరీక్ష మరింత శ్రద్ధగా చేయించుకోండి అని చెప్పడానికి.

మూడోది. ఇది జబ్బు కాదు. బాంబే గ్రూపు వారు అందరిలాగే పరుగెత్తుతారు, పిల్లల్ని కంటారు, ముసలివారవుతారు. కొందరు పుస్తకాల్లో, ఫోన్లలో చదివి భయపడతారు. ఒంట్లో ఎక్కడా ఫ్యూకోజ్ సరిగా అతకని ఒక వేరే జబ్బు ఉంది. 1992లో ఇజ్రాయెల్ డాక్టర్లు ఇద్దరు పిల్లల్లో దాన్ని వివరించారు. తెల్లకణాలు ఇన్‌ఫెక్షన్ ఉన్న చోటికి చేరాలంటే రక్తనాళపు గోడను పట్టుకోవాలి. పట్టుకునే ఆ కొక్కెంలో ఫ్యూకోజ్ ఉంటుంది. అది లేని ఆ పిల్లలకు మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి, ఎదుగుదల దెబ్బతింది. వారి రక్తం కూడా బాంబే గ్రూపులాగే కనిపించింది. కానీ అది ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత అరుదు. మామూలు బాంబే గ్రూపు వారిలో హెచ్‌కు సంబంధించిన చోట తప్ప మిగతా అన్నిచోట్లా ఫ్యూకోజ్ దాని పని అది చేస్తూనే ఉంటుంది.

జబ్బు కానప్పుడు దాచవలసిన పని ఏముంది? ఆ అమ్మాయి తల్లి నా చెయ్యి పట్టుకుని "కాగితంలో రాయకండమ్మా, అబ్బాయికి ఇంకా పెళ్ళి కావాలి" అని బతిమాలింది. తల్లి మనసు నాకు అర్థమైంది. కానీ దాచిన గ్రూపు ప్రమాదం జరిగిన రోజున ఎవరికీ ఉపయోగపడదు. సంబంధాలు చూసే పెద్దలకు నా మనవి ఏమిటంటే, గ్రూపు అరుదైనదని పిల్లనో పిల్లవాడినో వద్దనకండి. అలాగే బిడ్డ గ్రూపు తల్లిదండ్రుల గ్రూపుతో కలవలేదని ఏ ఇంటి ఆడపిల్లనూ అనుమానించకండి. ముందు ల్యాబును అనుమానించండి. కార్డును అనుమానించండి. మా చదువును కూడా అనుమానించండి. ఆ సంఘటన తర్వాత మన ఆసుపత్రిలో బిడ్డ గ్రూపు గురించి వార్డులో ఎవరూ వ్యాఖ్యానించకూడదని, తేడా కనిపిస్తే నేరుగా డాక్టరుకే చెప్పాలని నేను నియమం పెట్టాను. నర్సు నోరు జారితే ఇంజెక్షన్ తప్పు ఇచ్చినంత హాని జరుగుతుందని ఆ రోజు నాకు తెలిసింది.

పాలిచ్చే తల్లులకు ఒక మాట

ఫ్యూకోజ్ కథలో మంచి భాగం ఇంకొకటి ఉంది. తల్లిపాలలో ఫ్యూకోజ్ అతికిన చక్కెరలు ఉంటాయి. బిడ్డ వాటిని అరిగించుకోలేడు. మరి ఎందుకున్నాయి? బిడ్డ పేగులోని మంచి సూక్ష్మజీవులకు అవి ఆహారం. అంతేకాదు, విరేచనాలు కలిగించే కొన్ని క్రిములు పేగుగోడ మీది ఫ్యూకోజ్‌ను పట్టుకుని లోపల నాటుకుంటాయి. పాలలో అదే ఆకారం తేలుతూ కనిపిస్తే అవి దాన్నే పట్టుకుని బయటకు పోతాయి. ఈల్ చేప సీరం మోసపోయినట్టే ఇవీ మోసపోతాయి. ముర్రుపాలు పిండి పారబోయవద్దని మేము ఇన్నేళ్ళుగా మొత్తుకునేది ఊరికే కాదు.

కొందరు తల్లుల పాలలో వీటిలోని ఒక ముఖ్యమైన రకం ఉండదు. బాంబే గ్రూపు తల్లులూ సాధారణంగా వారిలోని వారే. అంతమాత్రాన పాలు మాన్పించకండి. తల్లిపాలలో వందకు పైగా రకాల చక్కెరలు, రక్షణనిచ్చే ప్రోటీన్లు ఉన్నాయి. ఆ అమ్మాయి కూడా మా మాట విని పాలిచ్చింది. బిడ్డకు కొంచెం పసిరికలు కనిపిస్తే రెండు రోజులు లైటు కింద పెట్టాం. అంతే.

సముద్రపు నాచు నుంచి తీసిన ఫ్యూకాయిడన్ మాత్రలు 'రక్తశుద్ధి' అనీ 'క్యాన్సర్ నివారణ' అనీ చెబితే కొని తెచ్చుకుని నన్ను అడిగినవారు ఉన్నారు. నాచు తిన్నంత మాత్రాన బ్లడ్ గ్రూపు మారదు. బాంబే వారికి లోపించింది ఫ్యూకోజ్ కాదు, దాన్ని అక్కడ అతికించే ఎంజైము. పైగా ఫ్యూకాయిడన్‌కు రక్తం గడ్డకట్టకుండా చేసే గుణం ప్రయోగశాలల్లో కనిపించింది. ఆపరేషన్ ఉన్నవారు, రక్తం పలచబరిచే మందులు వాడేవారు వీటిని వేసుకుంటుంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

చివరిగా చేయవలసినవి. పెళ్ళీడు పిల్లలు, గర్భిణులు, ఆపరేషన్ తలపెట్టినవారు గుర్తింపు ఉన్న బ్లడ్ బ్యాంకులో ఒకసారి పూర్తి గ్రూపింగు చేయించుకోండి. గర్భిణులు మూడో నెలలోనే హిమోగ్లోబిన్ చూపించుకుని, 11కు తగ్గితే అప్పుడే ఐరన్ మొదలుపెట్టండి. రక్తం ఎక్కించే అవసరమే రాకుండా చూసుకోవడం అన్నిటికంటే మేలు. బాంబే గ్రూపు అని తేలినవారు ఆ మాటను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసిన కార్డు పర్సులో పెట్టుకోండి, ఇంట్లో వారికి చెప్పండి, అరుదైన గ్రూపుల దాతల జాబితాలో పేరు ఇవ్వండి. మీరు ఆరోగ్యంగా ఉంటే పిలుపు వచ్చినప్పుడు రక్తం ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. కానీ ఎర్రకణాలు ఫ్రిజ్‌లో ఐదారు వారాలకు మించి నిలవ ఉండవు కాబట్టి, అవసరం లేకుండా ఇచ్చి వృథా చేయకుండా, బ్లడ్ బ్యాంకు వారితో మాట్లాడి సమయం చూసి ఇవ్వండి.

విశాఖపట్నం తమ్ముడు ఇప్పుడు అలా పేరు ఇచ్చాడు. కిందటి ఏడు ముక్కూముఖం తెలియని ఒక పెద్దాయన ఆపరేషన్‌కు పిలుపు వస్తే వెళ్ళి రక్తం ఇచ్చి వచ్చాడట. వాళ్ళ అమ్మ ఫోను చేసి చెప్పింది. పెళ్ళిచూపుల్లో కూడా ఆ సంగతి ముందే చెప్పారట. ఆ సంబంధమే కుదిరింది.